కావలియింట కన్నము



మా యూరి గ్రంథాలయమున ఒక కంప్యూటరు కలదు. నేను ఉద్యోగము నుండి విరమించిన యేట పూర్వవిద్యార్థులు కొందరు చందాలు వేసికొని దానిని కొని యిచ్చిరి. ఊరివారి పింఛను దరఖాస్తులు, పట్టాదారు పాసుపుస్తకముల నకళ్లు, ఆధారు కార్డుల ప్రతులు, వైద్యుల చీటీలు అన్నియు దానియందే యుండెడివి. ఎక్కించినవాడను నేనే. "మాస్టారి చేతిలో ఉన్నవి, భయమేమి?" అని పెద్దలు నమ్మి యిచ్చిరి. నేనును ఒకనిని నమ్మియే తీసికొంటిని. యంత్రమును తెచ్చిన వారములోనే ఆంటీవైరసు అను కావలి ప్రోగ్రామును రొక్కమిచ్చి కొని దానియందు పెట్టించితిని. తెరమీద ఒక మూలను చిన్న గుర్తు పచ్చగా వెలుగుచుండెను. దానిని చూచుకొని నిశ్చింతగా నుంటిని. ఆ పచ్చదనము ఎప్పుడు ఎఱ్ఱనయ్యెనో నేను గమనింపలేదు.

మొన్నటి సంక్రాంతికి నా శిష్యుడొకడు ఊరికి వచ్చెను. హైదరాబాదున కంప్యూటరు భద్రతయే వృత్తిగా జీవించుచున్నవాడు. గ్రంథాలయము చూడవచ్చి, యంత్రము ముందు కూర్చుండి, నాలుగు మీటలు నొక్కి, "మాస్టారూ, ఈ కావలివాడికి మూడేళ్లుగా జీతం లేదండీ. వీడిట్లా ఉండటంకంటె లేకపోవడమే నయం" అనెను. చందా గడువు తీరిపోయినదనియు, నాటినుండి ఆ ప్రోగ్రాము క్రొత్త విషయమేదియు నేర్వలేదనియు వాని భావము. నేను తర్కము చదివినవాడను, ఊరకుండుదునా? "నిద్రపోవు కావలివాడు దొంగను పట్టలేడు, సరే. కాని అసలు కావలియే లేకపోవుటకంటె అది చెడ్డదెట్లగును?" అని వాదమునకు దిగితిని. వాడు నవ్వి, ఆ పూటయంతయు నాకు పాఠము చెప్పెను. వాడు చెప్పినదానిని, పిమ్మట నేను చదివి తెలిసికొన్నదానిని నేడు మీకు విన్నవించెదను.

ప్రోగ్రామనగా యంత్రమునకు వరుసగా వ్రాసియిచ్చిన ఆజ్ఞల పట్టిక. వైరసనగా దుర్బుద్ధితో వ్రాసిన ప్రోగ్రాము. ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకు తన ప్రతిని తానే చేసికొని ప్రాకునది. 1986లో లాహోరు వాస్తవ్యులగు ఇరువురు సోదరులు వ్రాసిన 'బ్రెయిన్' అనుదానిని ఈ చిన్న కంప్యూటర్లకు సోకిన వానిలో మొదటిదిగా చెప్పుదురు. అప్పటినుండి దొంగలును పెరిగిరి, కావలివారును పెరిగిరి. ఇంతవరకు మీలో పలువురు ఎఱిగినదే.

కావలివాడు చేయు పని యేమి? యంత్రములోనికి వచ్చు ప్రతి ఫైలును, ఉత్తరము కానిండు, ఫోటో కానిండు, మూటగట్టిన కాగితముల కట్ట కానిండు, ముందుగా తాను విప్పి చూచును. తనకు తెలిసిన దొంగల గుర్తులు దానియందున్నవా యని వెదకును. మూటలో మూట యున్నచో దానిని కూడ విప్పును. కొన్నింటిని తనలోనే కల్పించుకొన్న ఒక మాయాయంత్రములో కొంతదూరము నడపించి, వాని నడవడి కనిపెట్టును. లోకమున మూట కట్టు విధములు వందలకొలది కలవు గనుక వానినన్నిటిని విప్పు నేర్పు కావలివానికి వలయును. ఇక్కడనే చిక్కంతయు నున్నది.

పరీక్షిన్మహారాజు కథ మీకు తెలియనిది కాదు. శాపభీతుడైన యా రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించుకొని, విషవైద్యులను మంత్రవేత్తలను చుట్టును కాపుంచి, అనుజ్ఞ లేనిదే ఎవ్వరును లోనికి రాకుండ కట్టుదిట్టము చేసికొనెను. తక్షకుడు కత్తి పట్టుకొని రాలేదు. పండులో పురుగై వచ్చెను. మన యంత్రముల కథలో ఒక భేదమున్నది. ఇచ్చట పండు కోయువాడు రాజు కాడు. ద్వారమున నిలిచిన కావలివాడే ప్రతి పండును కోసి చూడవలెను. అది వాని విధి. కాబట్టి తక్షకుడు రాజు చేతిదాక పోనక్కరలేదు. కోసినవానినే కరచి, వాని వేషముతోనే మేడ యెక్కవచ్చును.

కరచుట యెట్లో చెప్పెదను. పొలమునుండి ధాన్యపు మూట యొకటి వచ్చినదనుకొనుడు. దానికి కట్టిన చీటిపై 'పది కుంచములు' అని యున్నది. గుమాస్తా చీటిని నమ్మి పది కుంచములు పట్టు గంపను తెచ్చి అందులో క్రుమ్మరించెను. మూటలో నిజమునకు పదునైదు కుంచములున్నవి. మిగిలిన అయిదును గంప పొరలి ప్రక్కన పడును. మన యింట పడినచో చీపురుతో ఊడ్చి యెత్తుకొందుము. కంప్యూటరు జ్ఞాపకశాలలో నన్ననో, ఆ ప్రక్కచోటున యజమాని యాజ్ఞల పుస్తకము తెరచియుండవచ్చును. పొరలిన గింజలు ఆ పుటమీద పడి, ఉన్న యక్షరములను కప్పి, తామే యక్షరములై కూర్చుండును. గింజలను పేర్చి పంపినవాడు నేర్పరియైనచో ఆ యక్షరములు వాని యాజ్ఞలే యగును. యంత్రము ఆ పుటను చదువునప్పుడు అవి యజమాని మాటలేయని తలచి అట్లే చేయును. మూటను పోయకముందు చీటిని నమ్మక కొలిచి చూచుకొన్నచో ఈ యనర్థము లేదు. కాని వందల విధముల మూటలను విప్పు ప్రోగ్రాములను పలువురు పలుకాలములలో తొందరగా వ్రాసిరి. ఎచ్చటనో యొకచోట కొలత మఱచిరి.

ఇట్టి మఱపు ఏ ప్రోగ్రామునందైన నుండవచ్చును గదా, కావలివానినే వేలెత్తి చూపుటయేల యందురేమో. రెండు కారణములున్నవి. మొదటిది అధికారము. ఫోటోలు చూపు ప్రోగ్రాము వసారాలో కూర్చుండు అతిథివంటిది. వానిని ఎవ్వరైన లోబరచుకొన్నను వసారా వరకే నష్టము. కావలివానికో, దొంగ ఎచ్చట దాగినను పట్టవలెనుగదా యని, ఇంటి తాళపుచెవులన్నియు ఇచ్చియున్నాము. యజమానికి కూడ ప్రవేశము లేని గర్భాలయమువంటి చోటొకటి యంత్రమున కలదు. అచ్చటికిని వాడు పోగలడు. వానిని లోబరచుకొన్నవాడు ఒక్కసారిగా సర్వాధికారియే. రెండవది ఇంతకంటె సూక్ష్మము. తక్కిన ప్రోగ్రాములు మీరు తెరచినప్పుడే ఫైలును తెరచును. కావలివాడు మీరు తాకకముందే, వచ్చిన క్షణముననే తెరచును. "తెలియనివారి యుత్తరములను తెరవకుడు" అని మనము పిల్లలకు చెప్పు బుద్ధి యిచ్చట పనికిరాదు. మీరు తెరవలేదు, మీ సేవకుడు తెరచినాడు.

ఇది ఊహ కాదు. గూగుల్ సంస్థలో 'ప్రాజెక్టు జీరో' అని, ఇతరులు చేసిన ప్రోగ్రాములలోని కన్నములను ముందుగా తామే వెదకి, చేసినవారికి తెలిపి దిద్దించు పరిశోధకుల బృందమొకటి 2014లో ఏర్పడినది. అందలి టావిస్ ఆర్మండీ యనునతడు కావలి ప్రోగ్రాములను పరీక్షించుటలో ప్రసిద్ధుడు. 2016లో ఆయన సిమాంటెక్ సంస్థవారి నార్టన్ మొదలగు ప్రోగ్రాములలో నేను చెప్పిన గంప పొరలుటవంటి దోషమును చూపెను. ఒక విధముగా కుదించి కట్టిన ఫైలును విప్పునప్పుడు చీటిలోని కొలతను నమ్మి గంప పెట్టుటయే యా దోషము. విండోసు యంత్రములలో ఆ విప్పుట గర్భాలయమునందే జరుగుచుండెను! ఒక్క యుత్తరము పంపిన చాలును. అందుకొన్నవాడు దానిని తెరవనక్కరలేదు. అంతేకాదు, ఆ సంస్థవారు ఇతరులు వ్రాసి లోకమునకు ఉచితముగా నిచ్చిన కొన్ని మూటవిప్పు భాగములను తమ ప్రోగ్రాములో చేర్చుకొని, ఏడేండ్లకు తక్కువ కాకుండ వానిని నవీకరింపక విడిచిరనియు ఆయన వ్రాసెను. లోకులకు 'నిత్యము నవీకరించుకొనుడు' అని చెప్పి బ్రతుకువారి సంగతి యిది.

ఇందొక వినోదము కలదు. ఈ దోషమును చూపు నమూనా ఫైలును ఆర్మండీ ఆ సంస్థవారికే పంపవలసివచ్చెను. తాళము వేసిన మూటలో పంపెను. ఈ వృత్తివారిలో అట్టి మూటలకు అందరును వాడు సంకేతపదమొకటి యున్నది. ఆయన వ్రాసినదానినిబట్టి, ఆ సంస్థవారి యుత్తరముల యంత్రము ఆ పదమును తానే ఊహించి, తాళము తీసి, మూటను విప్పి, కూలిపడెను. మీ నివేదిక మాకు అందలేదా యేమి యని వారు తిరిగి అడిగిరట. కావలివాని యజమాని యింటనే కావలివాడు మూర్ఛపోయెనన్నమాట.

ఒక్క సంస్థను నిందింప నా యుద్దేశము కాదు. సోఫోస్, ఈసెట్, కాస్పర్‌స్కీ అను పేరుమోసిన కావలి ప్రోగ్రాములన్నిటియందును అట్టి లోపములు వేర్వేరు సంవత్సరములలో బయటపడినవి, దిద్దబడినవి. 2017 మే నెలలో ఆర్మండీయు, నటాలీ సిల్వానోవిచ్ అను సహచరియు కలిసి విండోసుతోపాటు వచ్చు డిఫెండరు అను కావలిలోనే ఘోరమైన కన్నమును కనుగొనిరి. మైక్రోసాఫ్టువారు కొద్ది దినములలోనే దానిని పూడ్చిరి. ఆ వేగమును మెచ్చుకొనవలెను. అదే డిఫెండరులోని మఱియొక భాగమున పండ్రెండేండ్లు ఎవ్వరి కంటను పడని దోషమొకటి 2021 ఫిబ్రవరిలో దిద్దబడినది.

దొంగలు దీనిని నిజముగా వాడుకొనిరా? వాడుకొనిరి. 2004 మార్చి 19వ తేదీ రాత్రి, అమెరికా గడియారమున, 'విట్టీ' అను పురుగు పుట్టెను. అది ఆంటీవైరసునకు సోకినది కాదు, దాని యన్నదమ్మునకు. వలదారిలో వచ్చిపోవువానిని తనిఖీ చేయు బ్లాక్ ఐస్, రియల్ సెక్యూర్ అను కావలి ప్రోగ్రాములకు సోకినది. వానిలోని లోపము లోకమునకు వెల్లడియైన మఱునాడే పురుగు బయలుదేరెను. ముప్పావు గంటలో సుమారు 12,000 యంత్రములను పట్టెను. పట్టిన యంత్రముల డిస్కులలో అచ్చటచ్చట వ్రాతను చెరుపుచు పోయెను. దీనిని తలచుకొన్నప్పుడెల్ల నాకు బాధ కలుగును. ఏలయన, అజాగ్రత్తపరులకు ఆ పురుగు ఏమియు చేయలేదు. రొక్కమిచ్చి కావలి పెట్టుకొన్న జాగ్రత్తపరులే నష్టపడిరి.

ఇట్టి మాట చెప్పగనే మా రచ్చబండ దగ్గర ఒక పెద్దాయన "కంచే చేను మేసిందన్నమాట" అనెను. సామెత చక్కనిదే కాని యిచ్చటికి సరిగా అన్వయింపదు. చేను మేసిన కంచె ద్రోహి. ఇచ్చట కంచెకు ద్రోహబుద్ధి లేదు; ముళ్లకంపలో ఒకచోట సందుండెను, పశువు ఆ సందున దూరెను. ద్రోహమునకు మందు కంచెను తీసివేయుట. సందునకు మందు కంపను పూడ్చుట. రెండును ఒకటి కావు. ఈ భేదము తెలియక కొందరు "అయితే ఈ ఆంటీవైరసులన్నియు మోసమే" యని తేల్చివేయుచున్నారు. నేను దానిని అంగీకరింపను.

కన్నము మఱియొక విధముగా కూడ పడును. కావలివాడు నిత్యము క్రొత్త దొంగల గుర్తులు తెలిసికొనవలెను గదా. ఆ వార్తలు తయారుచేసిన సంస్థనుండి వానికి వలదారిని వచ్చుచుండును. ఆ వార్తాహరుని దారిలో ఆపి, సంచిలోని యుత్తరము మార్చిననో? మన దేశమున ముంబయిలోని సంస్థవారు చేయు ఈస్కాన్ అను ప్రోగ్రామునకు ఇట్లే జరిగినది. దానికి వచ్చు నవీకరణములు ముద్ర వేసిన దారిని కాక, ఎవ్వరైన మధ్యలో చదివి మార్చగల బాహాటపు దారిని వచ్చుచుండెను. దొంగలు నడుమ కాచి, అసలు కట్టకు మారుగా తమ కట్టను పంపిరి. కావలివాడు దానిని తన యజమాని యాజ్ఞయే యని కన్నులకద్దుకొని లోపల ప్రతిష్ఠించెను. అవాస్ట్ అను మఱియొక కావలి సంస్థవారు దీనిని కనుగొని తెలుపగా ఈస్కాన్ వారు 2023 జూలైలో దిద్దుకొనిరి. 2024 ఏప్రిలులో ఆ వృత్తాంతము లోకమునకు ప్రకటితమైనది.

శత్రువెవ్వడును లేకయే పడిన దెబ్బయు నొకటి యున్నది. 2024 జూలై 19వ తేదీన, మన గడియారమున ఉదయము 9 గంటల 39 నిమిషములకు, క్రౌడ్‌స్ట్రైక్ అను అమెరికా సంస్థవారు తమ కావలి ప్రోగ్రామునకు ఒక చిన్న వార్తాపత్రమును పంపిరి. ఆ పత్రము 21 గళ్లున్నవని తలచి చదువునట్లు వ్రాయబడినది. ప్రోగ్రాము అందించినవి 20 గళ్లే. ఇరువదియొకటవ గడికొరకు చేయి చాచి, లేనిచోట తడివి, ప్రోగ్రాము గర్భాలయమునందు కూలెను. దానితో యంత్రమంతయు కూలెను. 78 నిమిషములలో వారు తప్పు దిద్దుకొనిరి కాని అప్పటికే సుమారు 85 లక్షల యంత్రములు పడిపోయినవి. దేశదేశముల విమానములు నిలిచెను. మన హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు ఎక్కుటకు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. బడిలో నలుబదియేండ్లు చేవ్రాత దిద్దించినవాడను గనుక ఆ పాసు ఛాయాచిత్రమును చూచి నాకు కొంత గర్వము కలిగినదని ఒప్పుకొనుచున్నాను. అది వేఱు సంగతి.

ఇంతకును నిపుణులు చేయుచున్నదేమి? ప్రాచీనుల యుపాయమునే చేయుచున్నారు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజునకు వడ్డింపబోవు అన్నమును మొదట అగ్నికిని పక్షులకును పెట్టి చూడవలెనని విధించెను. విషమున్నచో పోవునది పక్షి. వంటవాడు కాడు, రాజు కాడు. అట్లే, మూటను విప్పు భాగమును అధికారము లేని ఒక ప్రత్యేకపు గదిలో బంధించి, తాళపుచెవులు లేకుండ అచ్చట విప్పించుట. విప్పినవానికి విషమెక్కినను ఆ గది దాటి రాలేడు. డిఫెండరును అట్టి గదిలో నడుపు ఏర్పాటును మైక్రోసాఫ్టువారు 2018 అక్టోబరులో ప్రకటించిరి. ఎన్నడో చేయవలసిన పని. ఇక కొలత మఱచుటకు వీలులేని క్రొత్త భాషలలో ఈ భాగములను తిరిగి వ్రాయుటయు మెల్లమెల్లగా జరుగుచున్నది.

మన వంటి వారి మాటకు వచ్చెదను. కావలిని తీసివేసి యింటిని బాహాటముగా నుంచుట అవివేకము. కన్నములున్న కావలి కూడ సామాన్యపు దొంగలలో పలువురను ఆపుచునే యున్నది. కాని గడువు తీరినదానిని అట్లే యుంచుట అంతకంటె అవివేకము, నా శిష్యుని మాటకు అర్థమిదియే. దానికి క్రొత్త గుర్తులు తెలియవు, తనలోని సందులను పూడ్చుకొనదు. అయినను ప్రతి మూటను విప్పు అలవాటు మానదు, తాళపుచెవులు విడువదు. పైపెచ్చు అది యడ్డముగా నుండుటచే విండోసుతో వచ్చిన ఉచితపు కావలి మా యంత్రమున మేల్కొనకయే యుండెను. ఇద్దరు కావలివారిని పెట్టినచో ఇంకను మేలుగదా యని నేనడిగితిని. "ఇద్దరికీ రెండు తాళాల గుత్తులు ఇస్తారండీ?" అని వాడనెను. నాకు సమాధానము దొరకలేదు. మరియు "మీ యంత్రమున వైరసున్నది, మేము తీసెదము" అని ఫోనున పలుకరించువారిని అసలు నమ్మకుడు. వారు కన్నము వేయువారు కూడ కారు, తలుపు తట్టి తాళపుచెవి యడుగువారు.

ఆ సాయంకాలమే పాత ప్రోగ్రామును సమూలముగా తీయించితిని. విండోసు కావలి మేల్కొన్నది. నవీకరణములు వానియంతట అవి వచ్చునట్లు పెట్టించితిని. ఆ పని యైన పిమ్మట అసలు ప్రశ్న మిగిలినది. ఈ మూడేండ్లలో ఎవ్వరైన లోనికి వచ్చిరా? "జాడ ఏదీ కనపడలేదు మాస్టారూ. రాలేదని మాత్రం చెప్పలేను" అనెను నా శిష్యుడు. కావలివానినే లోబరచుకొని వచ్చినవాడు జాడ చెరిపివైచును గనుక.

అప్పుడు నాకు తోచినదొక్కటియే. పని ముగిసిన కాగితములను ఆ యంత్రమున ఉంచుకొనుటకు నాకేమి హక్కు? మఱునాటినుండి పేర్ల పట్టిక వ్రాసికొని ఇంటింటికి పోయి జరిగినది చెప్పితిని. ఎనుబదేండ్ల యవ్వ యొకతె అంతయు విని, "నా కాగితం పోయిందా, లేదా?" అని సూటిగా అడిగెను. "తెలియదమ్మా" అంటిని. ఆమె చెప్పులు తొడిగికొని, నాతో గ్రంథాలయమునకు నడచివచ్చి, కుర్చీలో కూర్చుండి, "నా కండ్లముందర చెరుపు" అనెను. చెరిపితిని. ఇట్లే తక్కినవారివియు చెరుపుచు వచ్చితిని. ఇంకను పదునేడుగురివి మిగిలియున్నవి. వారు బిడ్డల దగ్గరకు పట్నములకు పోయినవారు. ఒక్కొక్కరికి ఉత్తరము వ్రాసి, చెరుపుటకు అనుమతి యడిగితిని. తొమ్మండుగురి జవాబులు వచ్చినవి.